వేలిముద్ర సరే.. తాళంచెవి ఎక్కడ?

కూలి డబ్బుకు, పింఛనుకు కాపలా కాస్తున్న గోరంత చిప్

అనంతపురం: ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయ సిబ్బంది పింఛను సొమ్ముతో గడప ముందుకు వస్తారు. చేతిలో ఫోను, దానికి తీగతో తగిలించిన చిన్న వేలిముద్రల పరికరం. అవ్వ బొటనవేలు కొంగుతో తుడుచుకుని దానిపై ఉంచుతుంది. ముద్ర సరిపోలితే 4 వేల రూపాయలు చేతికందుతాయి. సరిపోలకుంటే మరో వేలు, ఆపై కంటిపాప లేదా ముఖం చూపించాల్సిందే. బ్యాంకు లేని పల్లెల్లో కరస్పాండెంట్ వద్ద కూలి డబ్బు తీసుకోవాలన్నా, చౌకధరల దుకాణంలో బియ్యం తెచ్చుకోవాలన్నా దాదాపు ఇదే తంతు.

జిల్లాలో ఏదో ఒక యంత్రంపై వేలిముద్ర పెట్టని పేద కుటుంబం లేదంటే అతిశయోక్తి కాదు. వేలు పెట్టిన తరువాత లోపల ఏం జరుగుతుందన్నది మాత్రం చాలామందికి తెలియదు. ఎక్కడో నగరంలో ఉన్న బ్యాంకు కంప్యూటరుకు, పల్లెలోని యంత్రం అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? వచ్చిన ముద్ర ఇప్పుడే తీసుకున్నదా, నిన్న దాచిపెట్టుకున్నదా? 500 అని నొక్కిన అంకెను దారిలో ఎవరైనా 5 వేలుగా మారిస్తే? ఈ ప్రశ్నలలో ఎక్కువ భాగానికి సమాధానం ఒక రహస్య సంఖ్యలో ఉంది. నిపుణులు దానిని 'కీ' అంటారు. మన మాటల్లో తాళంచెవి. యంత్రం పంపే ప్రతి సమాచారానికీ ఈ తాళంచెవితోనే ముద్ర పడుతుంది. అది దొంగ చేతికి చిక్కితే నకిలీ యంత్రం కూడా అసలు యంత్రంలా చలామణీ అవుతుంది. అందుకే దానిని దాచేందుకు ప్రత్యేకమైన చిప్‌ను తయారుచేశారు. దాని పేరు సెక్యూర్ మైక్రోకంట్రోలర్.

బండ్లపల్లి నుంచి స్మార్ట్‌కార్డు దాకా..

ఈ వ్యవహారానికి అనంతపురం జిల్లాతో ఉన్న సంబంధం చిన్నది కాదు. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభించారు. వర్షం ముఖం చాటేస్తే వేరుశనగ చేను ఎండిపోయి, కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని బెంగళూరు బాట పట్టే సీమ ఇది. పథకం రాకతో ఊళ్లోనే పని దొరికింది. కానీ చేసిన పనికి డబ్బు చేతికందడం మరో పనిగా మారింది. తపాలా కార్యాలయం వద్ద పడిగాపులు, వారాల తరబడి జాప్యం, మస్టర్లలో పని చేయని వారి పేర్లు.. ఇవన్నీ అప్పటి కూలీలకు అనుభవమే.

దీనికి విరుగుడుగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్మార్ట్‌కార్డులను తెచ్చింది. తొలి ప్రయత్నం సాగని 8 జిల్లాల్లో 2010లో మళ్లీ మొదలుపెట్టారు. వాటిలో అనంతపురం ఒకటి. కర్నూలు, కడప, నెల్లూరు, విజయనగరం, నల్గొండ, ఖమ్మం, ఆదిలాబాద్ మిగిలినవి. కార్డులోని చిప్‌లో లబ్ధిదారు వేలిముద్రల వివరాలు, ఖాతా వివరాలు నమోదై ఉండేవి. ఊళ్లోనే ఉండే, ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసిన, స్వయం సహాయక సంఘంలోని మహిళకు చేతియంత్రం అప్పగించేవారు. కార్డు పెట్టి వేలు ఉంచితే కార్డులోని ముద్రతో యంత్రం పోల్చి చూసేది. అప్పటి పల్లెల్లో సెల్ సిగ్నల్ నమ్మదగింది కాదు. పోలిక యంత్రం వద్దే జరగడం వల్ల సిగ్నల్ లేకున్నా పని ఆగేది కాదు. డబ్బు చేతికిచ్చి రసీదు ముద్రించే ఆ యంత్రాలకు, ఎంత చెల్లించిందీ తెలుగులో పైకి చెప్పే ఏర్పాటు కూడా ఉండేది. చదువురాని కూలీకి ఆ గొంతే రసీదు.

దీని ఫలితం లెక్కకు అందింది కూడా. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుక్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఈ 8 జిల్లాల్లోని 157 మండలాల్లో అధ్యయనం చేశారు. ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తరువాత కార్డులు ఇవ్వాలన్నది లాటరీ పద్ధతిన నిర్ణయించారు కాబట్టి పోలికకు అవకాశం దొరికింది. 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వెలువడిన వారి వ్యాసం ప్రకారం, కార్డులు వచ్చిన మండలాల్లో ఉపాధి కూలి చేతికందే జాప్యం 29 శాతం తగ్గింది. డబ్బు తీసుకునేందుకు పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది. ఉపాధి పనుల ద్వారా కుటుంబాలకు అందిన సొమ్ము 24 శాతం పెరిగింది. దారిలో మాయమయ్యే సొమ్ము 41 శాతం మేర తగ్గింది. రెండేళ్లు గడిచినా ఆ మండలాల్లో సుమారు సగం చెల్లింపులే కొత్త పద్ధతికి మారాయి. సగమే మారినా ఇంత ఫలితం రావడం గమనార్హం.

గీత తెగితే చెవి మాయం

మామూలు చిప్‌కూ, ఈ చిప్‌కూ తేడా ఏమిటి? రేడియోలో, మోటారు స్టార్టరులో వాడే మామూలు మైక్రోకంట్రోలర్ పనిమంతుడు, కానీ రహస్యం దాచలేడు. టంకం పుల్ల, కొన్ని తీగలు, కాస్త ఓపిక ఉన్న మెకానిక్ దాని జ్ఞాపకశక్తిలో ఉన్నదంతా చదివేయగలడు. సెక్యూర్ మైక్రోకంట్రోలర్ అలా కాదు. ఎవరైనా తనను విప్పుతున్నారని అనుమానం వస్తే అది ముందుగా చేసే పని తనలోని తాళంచెవిని తుడిచేయడం. యంత్రం పాడైనా ఫరవాలేదు, రహస్యం మాత్రం బయటికి పోరాదన్నది దాని నీతి.

ఈ అనుమానం దానికెలా వస్తుంది? ధర్మవరం మగ్గంపై పడుగు, పేక అల్లుకున్నట్టు, చిప్ పైభాగాన వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని లోహపు గీతలు అల్లి ఉంటాయి. వాటిగుండా నిరంతరం సంకేతం తిరుగుతుంటుంది. సూదితో పొడిచినా, రంధ్రం చేసినా ఏదో ఒక గీత తెగుతుంది, లేదా మరో దానికి తగులుతుంది. వెంటనే లోపలికి కబురు చేరుతుంది. కార్డు గీకే యంత్రాల డబ్బా మూతల కింద కూడా మీటలు, ఇలాంటి అల్లిక పొరలే ఉంటాయి. వీటికి తోడు వేడిమి, విద్యుత్ పీడనం కొలిచే సాధనాలు లోపలే ఉంటాయి. చిప్‌ను అతి చల్లగా గడ్డకట్టిస్తే తుడిచిన సమాచారం కొంతసేపు అలాగే నిలిచిపోతుందని దొంగలకు తెలుసు. కరెంటును ఒక్క క్షణం తగ్గించి తడబాటుకు గురిచేయడం మరో ఎత్తుగడ. ఇలాంటివి పసిగట్టేందుకే ఆ కొలతలు.

తాళంచెవి ఉండే చోటు విషయంలోనూ ఓ కిటుకుంది. కార్డు యంత్రాల్లో దానిని సాధారణంగా కరెంటు ఉన్నంతవరకే నిలిచే జ్ఞాపకశక్తిలో ఉంచుతారు. యంత్రం ఆపివేసి ఉన్నా, వాచీ సెల్లు వంటి చిన్న బ్యాటరీ దానికి ప్రాణవాయువు అందిస్తూ ఉంటుంది. శాశ్వతంగా చెక్కిన అక్షరాన్ని చెరపాలంటే సమయం కావాలి. ఊపిరిపై నిలిచినదాన్ని ఆపడానికి రెప్పపాటు కూడా అక్కర్లేదు.

ఈ కిటుకు మన ప్రాంతంలో తెచ్చిపెట్టే చిక్కు కూడా ఉంది. వేడికి బ్యాటరీలు త్వరగా సత్తువ కోల్పోతాయి. 40 డిగ్రీలు దాటే ఎండలో, రేకుల కొట్టంలో నెలల తరబడి యంత్రం పడి ఉంటే ఆ చిన్న సెల్లు ముందుగానే చతికిలబడవచ్చు. సెల్లు పోతే తాళంచెవి పోయినట్టే. ఎవరూ విప్పకున్నా, తనను ఎవరో తాకారని యంత్రం తెరపై చూపి మొరాయిస్తుంది. తాళంచెవిని మళ్లీ ఎక్కించడం ఊళ్లో మెకానిక్ చేసే పని కాదు. కట్టుదిట్టమైన ఏర్పాట్ల నడుమ, అధీకృత కేంద్రంలోనే జరగాలి. అంతవరకు ఆ దుకాణదారు పట్టణం వైపు చూస్తూ కూర్చోవాల్సిందే. భద్రత కోసం చేసిన ఏర్పాటు భారం ఇలా పల్లెపై ఎక్కువగా పడుతోంది. సెల్లు బలహీనపడిందని ముందే హెచ్చరించే యంత్రాలను పల్లెలకు కేటాయించడం కష్టమైన పనేమీ కాదు.

మరో జాగ్రత్త ఏమిటంటే, మంచి యంత్రాల్లో ప్రతి లావాదేవీకీ తాళంచెవి మారిపోతుంది. ఒకదాని నుంచి తరువాతిది పుడుతుంది, పాతది చెరిగిపోతుంది. ఈరోజు యంత్రాన్ని ఎత్తుకెళ్లి లోపలి రహస్యం లాగినా, నిన్న పంపిన సమాచారం విప్పడం సాధ్యం కాదు. యంత్రం లేచినప్పుడల్లా తనలోని ప్రోగ్రాంకు తయారీదారు సంతకం ఉందో లేదో చిప్ సరిచూసుకుంటుంది. సంతకం లేని ప్రోగ్రాంను దగ్గరికి రానివ్వదు.

ఎంతటి తాళానికైనా మారుచెవి!

ఇన్ని కాపలాలున్నా చిప్‌లు అభేద్యమేమీ కాదు. అమెరికాకు చెందిన డాలస్ సెమీకండక్టర్ సంస్థ డీఎస్5002ఎఫ్‌పీ అనే భద్రతా చిప్‌ను తయారుచేసింది. బయటి జ్ఞాపకశక్తిలో ఉన్న ప్రోగ్రాంను అది రహస్య లిపిలో దాచేది. మార్కస్ కున్ అనే యువ పరిశోధకుడు ఖరీదైన ప్రయోగశాల ఏమీ లేకుండానే దానిని ఛేదించి, 1998లో ఆ విధానాన్ని ప్రచురించారు. లోపం చిన్నదే. ఆ చిప్ ఒక్కో బైటును విడివిడిగా మారుస్తుంది. ఒక బైటుకు సాధ్యమయ్యే విలువలు 256 మాత్రమే. వరుసగా ఒక్కొక్కటీ ఇచ్చి, చిప్ ఎలా స్పందిస్తోందో చూస్తూ పోతే రహస్యం దానంతటదే బయటపడింది. చుట్టూ కోటగోడ కట్టి, దిడ్డి తలుపు గొళ్లెం మరచినట్టయింది. ఆ తరువాత వచ్చిన చిప్‌లు ఒక్కో బైటుగా కాక పెద్ద ముక్కలుగా మార్చే పద్ధతికి మళ్లాయి.

అదే కాలంలో అమెరికాలోనే పాల్ కోచర్ బృందం మరో విషయం బయటపెట్టింది. చిప్ లెక్క చేస్తున్నప్పుడు అది వాడుకునే కరెంటు హెచ్చుతగ్గులను కొలిస్తే లోపలి తాళంచెవిని ఊహించవచ్చని 1999లో వారు వివరించారు. తలుపు తెరవకుండా, గోడకు చెవి ఆనించి ఇంట్లో మాటలు విన్నట్టన్నమాట. దానికి విరుగుడుగా తయారీదారులు లెక్కల మధ్య కావాలనే గందరగోళం కలపడం మొదలుపెట్టారు. దొంగ, పోలీసు ఆట నేటికీ సాగుతోంది.

ఫోను వచ్చాక మారిన కథ

ఆధార్ రాకతో స్మార్ట్‌కార్డులు క్రమంగా మూలనపడ్డాయి. ముద్ర కార్డులో కాకుండా కేంద్ర కంప్యూటరులో ఉంటుంది, అక్కడే పోలుస్తారు. కార్డు పోతుందన్న బెంగ లేదు. ఏ ఊళ్లోనైనా డబ్బు తీసుకోవచ్చు. చేతియంత్రం స్థానంలో మామూలు ఫోను, దానికో వేలిముద్రల పరికరం వచ్చి చేరాయి. ఖర్చు తగ్గింది. కానీ చిప్‌లో దాగిన తాళంచెవి ఫోనులోకి వచ్చిపడింది. సినిమాలు, ఆటలు, ఎవరో పంపిన అప్లికేషన్లు అన్నీ ఉండే చోటది. సంతలో మూట విప్పినట్టే.

మొదట్లో తాళంచెవి సంగతి అటుంచి, పరికరానికి గుర్తింపే ఉండేది కాదు. తీసిన ముద్రను దాచుకుని మళ్లీ మళ్లీ పంపేందుకు వీలుండేది. ఒకే వ్యక్తి వేలిముద్రను దాచి వందలాది సార్లు పంపిన ఉదంతంపై 2017 ఫిబ్రవరిలో ఆధార్ ప్రాధికార సంస్థ పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఆ ఏడాదే రిజిస్టర్డ్ పరికరాలను తప్పనిసరి చేశారు. ప్రతి పరికరానికీ ఒక గుర్తింపు, ఒక తాళంచెవి ఇచ్చారు. తీసిన క్షణంలోనే ముద్రకు తాళం పడాలన్నది నిబంధన.

వీటిలో రెండు స్థాయిలున్నాయి. ఎల్0 పరికరంలో తాళం వేసే పని ఫోను లేదా కంప్యూటరు సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది. ఎల్1 పరికరంలో ఆ పని రక్షిత చిప్ లోపలే పూర్తవుతుంది. ముద్ర ఫోనుకు చేరేసరికే దానికి తాళం పడి ఉంటుంది. ఫోనులోని ఏ ప్రోగ్రాం కూడా తాళంచెవిని చూడలేదు, దొంగ ముద్రను మధ్యలో చొప్పించలేదు. దీంతో ఎల్0ను వదిలి ఎల్1కు మారాలని ప్రాధికార సంస్థ నిర్దేశించింది. పదిహేనేళ్ల కిందట బండ్లపల్లి వంటి ఊళ్లలో కార్డు రూపంలో కనిపించిన చిప్ తిరిగి వేలి కిందికే వచ్చి చేరిందన్నమాట. పాత వేలిముద్రల పరికరాన్నే ఇంకా వాడుతున్న కరస్పాండెంట్లు దాని స్థాయి ఏదో బ్యాంకును అడిగి తెలుసుకోవడం వారికే మంచిది.

చిప్ ఆపలేని మోసాలు

చిప్ కాపాడేది తాళంచెవిని. వేలిని కాదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల విక్రేత భూముల రిజిస్ట్రేషన్ పత్రాలపై ఉన్న వేలిముద్రలను సేకరించి, నకిలీ ముద్రలు తయారుచేసి, వేలాది సిమ్‌లను క్రియాశీలం చేసినట్టు పోలీసులు బయటపెట్టారు. నకిలీ వేలు పెట్టినా చిప్ నమ్మకంగా తాళం వేసి పంపుతుంది. తనకు అప్పగించిన మూటలో ఏముందో చూడటం దాని పని కాదు. దానికి వేరే ఏర్పాటు కావాలి. పెట్టింది సజీవమైన వేలా, బంక ముద్రా అన్నది తేల్చేందుకు ముద్రతో పాటు వేలి చిత్రాన్ని కూడా పరిశీలించే విధానాన్ని 2023 ఫిబ్రవరిలో ప్రాధికార సంస్థ అమలులోకి తెచ్చింది.

మన జిల్లాలో ఇంతకన్నా సాధారణమైన మోసానికి చిప్‌తో గానీ, రబ్బరు వేలితో గానీ పనిలేదు. యంత్రం పట్టుకున్నవాడు 'ముద్ర పడలేదు, మళ్లీ పెట్టు' అంటే చాలు. మొదటిసారే పడి ఉంటే రెండోసారి మరో లావాదేవీ అవుతుంది. తాడిపత్రి బండల పాలిష్ కార్మికులకు, ఏళ్ల తరబడి చెలగపార పట్టిన ఉపాధి కూలీలకు, వేరుశనగ కాయలు ఒలిచే మహిళలకు వేలిగీతలు అరిగిపోయి ఉంటాయి. వారికి ముద్ర నిజంగానే పడకపోవడం మామూలే కాబట్టి ఈ అబద్ధాన్ని అనుమానించరు. సెల్‌కు వచ్చే సందేశం ఆంగ్లంలో ఉంటుంది, చదివేవారు ఇంట్లో ఉండరు. కొందరికి ఖాతాతో ఫోను నంబరే అనుసంధానమై ఉండదు. తెలుగులో మొత్తం చెప్పే పాత యంత్రాన్ని వదులుకోవడం పొరపాటేనని చెప్పక తప్పదు. దుకాణాల్లో 'ఇంత మొత్తం అందింది' అని అరిచే క్యూఆర్ డబ్బాలు వచ్చాయి. అమ్మేవాడికి గొంతు దొరికింది, డబ్బు తీసుకునే కూలీకి మాత్రం అన్నిచోట్లా లేదు.

ఏం చేయాలి?

ఆధార్ ద్వారా డబ్బు తీసుకునేటప్పుడు ముద్ర పడలేదంటే, రెండోసారి వేలు పెట్టే ముందు యంత్రం తెరపై ఏముందో చూపించమని అడగాలి. లావాదేవీ విఫలమైనా రసీదు తీసుకునే హక్కు ఖాతాదారుకు ఉంది. ఒక్కో లావాదేవీలో 10 వేల రూపాయలకు మించి తీయడం వీలుకాదన్నది గుర్తుంచుకుంటే, పాస్‌బుక్కులో తేడా వచ్చినప్పుడు లెక్క సులువవుతుంది. నెలకోసారైనా పాస్‌బుక్కులో అచ్చు వేయించుకోవడం మేలు.

తనకు తెలియకుండా సొమ్ము పోయిందని గుర్తిస్తే ఆలస్యం చేయరాదు. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మూడో వ్యక్తి వల్ల సొమ్ము పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోగా ఫిర్యాదు చేసినవారిపై ఎలాంటి భారమూ పడదు. 4 నుంచి 7 పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే, ప్రాథమిక పొదుపు ఖాతా ఉన్నవారిపై పడే భారం 5 వేల రూపాయలకు మించదు. తప్పు ఖాతాదారుదేనని నిరూపించాల్సింది కూడా బ్యాంకే. గ్రామీణ బ్యాంకులకూ ఈ ఆదేశాలు వర్తిస్తాయి. బ్యాంకుతో పాటు సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోను చేయాలి.

ఆధార్ వేలిముద్రలకు తాళం వేసుకునే వీలు కూడా ఉంది. ఎం-ఆధార్ అప్లికేషన్‌లో గానీ, ప్రాధికార సంస్థ వెబ్‌సైట్‌లో గానీ తాళం వేస్తే, తిరిగి తీసేదాకా ఎవరు వేలు పెట్టినా చెల్లదు. బెంగళూరులో పనిచేస్తూ ఊళ్లో ఖాతా ఉన్న యువకులకు ఇది పనికివస్తుంది. నెలనెలా వేలిముద్రతో పింఛను, బియ్యం తీసుకునే వృద్ధులకు మాత్రం తాళం వేసేముందు ఇంట్లోవారు ఆలోచించాలి. తాళం వేస్తే వేలిముద్రతో పాటు కంటిపాప, ముఖం కూడా చెల్లవు కాబట్టి, ఒకటో తేదీన దానిని తీయడం మరచిపోతే అవ్వ తంటాలు పడాల్సి ఉంటుంది. సందేహాలుంటే 1947 నంబరుకు తెలుగులోనే ఫోను చేసి అడగవచ్చు.

యంత్రం పట్టుకునేవారి విషయంలోనూ నిబంధనలు బిగిశాయి. ఆధార్ చెల్లింపుల కేంద్రాలు నడిపేవారి పూర్వాపరాలను బ్యాంకులే విచారించాలని, 3 నెలలపాటు ఒక్క లావాదేవీ కూడా చేయని వారిని మళ్లీ అనుమతించే ముందు తిరిగి తనిఖీ చేయాలని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశించింది. ఇవి 2026 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఊళ్లో కొత్తగా యంత్రంతో తిరిగే వ్యక్తి కనిపిస్తే, అతను ఏ బ్యాంకు తరఫున వచ్చాడో అడిగి, ఆ శాఖకు ఫోను చేసి నిర్ధారించుకున్న తరువాతే వేలు పెట్టాలి.